ఒక్కగానొక్క స్పోర్ట్స్ కారు: చేయించుకోదలచినవారు ఏ దారి ఎంచుకోవాలి?

లారీ ఛాసిస్ కొని బాడీ విడిగా కట్టించుకోవడం నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలవారికి కొత్త సంగతి కాదు. ఇంజను, చక్రాలు, స్టీరింగ్ తప్ప మరేమీ లేని ఛాసిస్‌ను డ్రైవరు తలకు తువాలు చుట్టుకుని షెడ్డుదాకా తోలుకొస్తే, తొట్టి పొడవెంత, క్యాబిన్ ఎత్తెంత, నుదుటి చెక్క మీద ఏ రంగు అన్నది యజమానీ మేస్త్రీ కూర్చుని తేల్చుకునేవారు. మా మేనమామ పనిచేసిన షెడ్డులో ఒక పెద్ద మేస్త్రీ రేకు కోసేముందు దాని మీద సుద్దతో గీత గీసి, పది అడుగులు వెనక్కి వెళ్లి, ఒకసారి నిలబడి, ఒకసారి గొంతుకూర్చుని చూసి, నచ్చకపోతే తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ గీసేవారు. "గీత కుదిరిందాకా కత్తెర ముట్టుకోకూడదు అబ్బయా" అని నాతో అనేవారు. విదేశాల్లో కోట్లు పోసి తమకోసం ఒకే ఒక్క కారును తయారు చేయించుకునేవారి గురించి చదివినప్పుడల్లా నాకు ఆ సుద్దగీతే గుర్తొస్తుంది. ఆ పనిలోనూ యజమాని నిజంగా పాలుపంచుకోగలిగేది గీత దశలోనే.

ఖరీదైన కార్లు కూడా ఒకప్పుడు ఇలాగే తయారయ్యేవి. రోల్స్ రాయిస్ ఛాసిస్‌ను, ఇంజనును ఇచ్చేది. బాడీని మరొక సంస్థ కట్టేది. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్‌ను ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోసం అలా ప్రత్యేకంగా చేయించారు. అది చేరేనాటికి ఆయన జీవించి లేరు. 1930లలో ఇండోర్ మహారాజా యశ్వంతరావు హోల్కర్ అమెరికా కంపెనీ డ్యూసెన్‌బర్గ్ ఛాసిస్ తెప్పించి, లండన్‌లోని గర్నీ నటింగ్ సంస్థ చేత దానికి బాడీ కట్టించుకున్నారు. నేటి కార్లలో ఛాసిస్, బాడీ చాలావరకు ఒకే కట్టడంగా ఉంటాయి కాబట్టి, ఎయిర్‌బ్యాగులు, ప్రమాద పరీక్షలు, పొగ నిబంధనలు అన్నీ ఆ కట్టడంతో ముడిపడి ఉంటాయి కాబట్టి, ఇప్పుడు ప్రత్యేకమైన కారు కావాలన్నా ఇప్పటికే తయారవుతున్న ఒక మోడల్‌ను ఆధారంగా తీసుకుని దాని పైరూపాన్ని మార్చడమే మార్గం. ఆ మార్పును ఎవరు చేస్తారు, ఎంతవరకు చేస్తారు అన్నదాన్నిబట్టి దారులు విడిపోతాయి.

గ్రానైటు, రొయ్యల ఎగుమతి వ్యాపారాల్లో స్థిరపడిన కుటుంబాలవారు కొందరు ఈ మధ్య నన్ను ఈ విషయం అడుగుతున్నారు. వారందరూ మొదట అడిగేది ఏ కంపెనీ మంచిదని. నా దృష్టిలో మొదట తేల్చుకోవలసింది అది కాదు. ఆ కారు ఏ ఊళ్లో, ఏ రోడ్డు మీద, ఏ కాగితాలతో తిరగాలి అన్నది ముందు తేలితే, ఉన్న దారుల్లో సగం వాటంతట అవే తప్పుకుంటాయి.

కంపెనీయే చేసిచ్చే ఒక్కగానొక్క కారు

అన్నిటికన్నా పై మెట్టు ఇదే. ఫెరారీ సంస్థ స్పెషల్ ప్రాజెక్ట్స్ అనే విభాగం ద్వారా 2008లో ఎస్‌పీ1 అనే కారుతో దీన్ని మొదలుపెట్టింది. తన ఎఫ్430 మోడల్ ఆధారంగా ఒక జపాన్ అభిమాని కోసం దాన్ని చేసింది. 2012లో గిటారు కళాకారుడు ఎరిక్ క్లాప్టన్ 458 ఇటాలియా ఆధారంగా, తనకు ఇష్టమైన పాత ఫెరారీ 512 బీబీ ఛాయలతో ఎస్‌పీ12 ఈసీ చేయించుకున్నారు. 2018లో 488 జీటీబీ ఆధారంగా ఎస్‌పీ38, 2022లో ఎఫ్8 ట్రిబ్యూటో ఆధారంగా ఎస్‌పీ48 యూనికా వచ్చాయి. యజమాని చెప్పిన ఊహతో పని మొదలై, కంపెనీ డిజైనర్లు నిష్పత్తులు, ఆకారం తేల్చి, సవివరమైన నక్షాలూ అసలు పరిమాణంలో ఒక నమూనా బాడీ చేసిన తరువాతే నిర్మాణానికి దిగుతారు. మొత్తానికి సగటున రెండేళ్లు పడుతుందని ఆ సంస్థే చెబుతుంది. డబ్బు ఉన్నంత మాత్రాన ఈ అవకాశం రాదు. ఏళ్ల తరబడి ఆ కంపెనీ కార్లు కొంటూ, నడుపుతూ ఉన్నవారినే పిలుస్తారు. ధరలు కూడా బయటపెట్టరు.

ఇక్కడ ఆధార మోడల్ ఎంపికలో ఒక పెద్ద చిక్కు ఉంది. 2019లో వచ్చిన పీ80/సీ చూపుతిప్పుకోనివ్వని కారు, హాంకాంగ్‌కు చెందిన ఒకరి కోసం దాదాపు నాలుగేళ్లు శ్రమించి చేశారు. అయితే దాని పునాది 488 జీటీ3 అనే రేసు కారు కాబట్టి అది రేస్ ట్రాక్ మీద తప్ప రోడ్డు మీద నడవదు. 2023 నాటి కేసీ23 సంగతీ అంతే. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ రేస్ ట్రాక్ నెల్లూరుకు మరీ దూరం కాదు కాబట్టి, అక్కడ నడపడమే నిజంగా మీ సరదా అయితే వేరే మాట. కావలి దాకా ఆదివారం ఉదయం పోయిరావాలన్నది కోరిక అయితే రేసు పునాది వైపు చూడకూడదు.

లంబోర్గినీ, మెక్‌లారెన్, బుగాటీ కూడా ఇలాంటివి చేశాయి. బుగాటీ 2019లో లా వ్వాచూర్ న్వార్ అనే నల్లకారును పన్నులు కాక 1.1 కోట్ల యూరోలకు ఒకరికే అమ్మింది. దాని పునాది అయిన చిరాన్ ఎడమచేతి స్టీరింగ్‌తో మాత్రమే తయారైంది. మన దేశంలోకి మామూలుగా దిగుమతి చేసుకునే కారుకు స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఫెరారీ ఎంజో, లాఫెరారీ కూడా ఎడమచేతివే. కారు నెల్లూరులో ఉండాలంటే కుడిచేతి స్టీరింగ్‌తో తయారయ్యే మోడల్‌నే పునాదిగా అడగాలి. ఫెరారీ 296 వంటివి ఆ పరీక్షకు నిలుస్తాయి.

బయటి బాడీ సంస్థలు

ఇటలీలో ఈ విద్య ఇంకా బతికి ఉంది. మిలాన్‌లో జగాటో 1919లో, టూరింగ్ సూపర్‌లెజ్జెరా 1926లో మొదలయ్యాయి. ట్యూరిన్‌లో పినిన్‌ఫరీనా 1930లో మొదలైంది. పినిన్‌ఫరీనాను కొనేందుకు మహీంద్రా గ్రూపు 2015 డిసెంబరులో ఒప్పందం కుదుర్చుకుందన్నది మనవారికి ఆసక్తి కలిగించే సంగతి. ఈ దారిలో ఆధార కారును మీరే కొని ఇవ్వాలి. 2006లో అమెరికాకు చెందిన జేమ్స్ గ్లికెన్‌హాస్ తన ఎంజోను పినిన్‌ఫరీనాకు అప్పగించి, 1960ల నాటి రేసు ఫెరారీల పోలికతో పీ4/5 చేయించుకున్నారు. అది పూర్తయ్యాక దాని పనితనం చూసిన ఫెరారీ, తన పేరు పెట్టుకోవడానికి అంగీకరించింది. అంతటి గౌరవం బయటి సంస్థ కట్టిన ప్రతి కారుకూ దక్కదు. ఒప్పందంలో రాయించుకుని తెచ్చుకోగలిగింది కూడా కాదు.

ఆకారం విషయంలో అందరికన్నా ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చేది ఈ దారే, మనసుకు నచ్చేదీ ఇదే. సుద్దగీత దగ్గర మీరు నిలబడగలిగేది ఇక్కడే. అయినా మన దేశానికి తెచ్చుకునేవారికి దీన్ని సిఫారసు చేయలేకపోతున్నాను. విదేశంలో కొని, అక్కడ రిజిస్టరు చేయించి, బాడీ మార్పించిన కారు ఇక్కడి నిబంధనల్లో పాతకారు అవుతుంది. పాతకారు తయారై మూడేళ్లు దాటి ఉండకూడదు, ముంబయి రేవు ద్వారానే రావాలి, ఇక్కడి పరీక్షలకు నిలవాలి. ఆధార కారు కొనడానికి కొన్ని నెలలు, బాడీ కట్టడానికి ఏడాది, రెండేళ్లు పోయాక ఆ మూడేళ్లలో మిగిలేది ఏముంటుంది? 1989-94 మధ్య కాలపు పోర్షే 911లను పునర్నిర్మించే కాలిఫోర్నియా సంస్థ సింగర్ పనితనమంటే నాకు ఎంతో గౌరవం. కానీ వయసు నిబంధన వల్ల ఆ కార్లు మన రోడ్డెక్కే వీలు లేదు. దుబాయిలోనో లండన్‌లోనో ఇల్లు ఉండి, కారును అక్కడే ఉంచుకోగలవారు మాత్రం నిస్సంకోచంగా ఈ దారిలో వెళ్లవచ్చు.

పరిమిత సంఖ్యలో వచ్చే కార్లు

వీటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. బుగాటీ సెంటోదియేచి పది, ఫెరారీ డేటోనా ఎస్‌పీ3 600 తయారయ్యాయి. ఆకారం కంపెనీది, సంఖ్య కంపెనీది. మీరు ఎంచుకునేది రంగు, తోలు మాత్రమే. వేలంలో విలువ నిలబడటం ముఖ్యమనుకునేవారికి ఇవి ఒక్కగానొక్క కారుకన్నా మేలు, ఎందుకంటే పోల్చి చూడటానికి అలాంటివే మరికొన్ని అమ్ముడై ఉంటాయి. ఒకే ఒక్క కారుకు మార్కెట్ ధర అనేది ఉండదు. కొనేవారి అభిరుచి మీ అభిరుచితో కలిసినప్పుడే దానికి ధర.

మోడల్ కంపెనీదే, రంగూ లోపలి అలంకరణా మీవి

నా ఓటు చాలామంది విషయంలో దీనికే. ఫెరారీ 2011 నుంచి టైలర్ మేడ్ పేరుతో, లంబోర్గినీ ఆడ్ పెర్సోనమ్ పేరుతో, పోర్షే సోండర్‌వున్ష్ పేరుతో ఈ పని చేస్తున్నాయి. పోర్షేలో మూడు అంచెలు ఉన్నాయి: కొత్త కారును ఫ్యాక్టరీలోనే మీ కోరిక ప్రకారం తయారు చేయడం, ఇప్పటికే మీ దగ్గరున్న కారును తిరిగి తీసుకుని మార్చడం, పూర్తిగా ఒకే ఒక్క కారు చేయడం. మొదటి అంచెలో ఉక్కు, అల్యూమినియం జోలికి పోరు కాబట్టి పరీక్షల పత్రాలన్నీ అసలు మోడల్‌వే చెల్లుతాయి, గ్యారంటీ నిలుస్తుంది, అద్దం పగిలితే మామూలు విడిభాగమే సరిపోతుంది.

ఇది తక్కువ రకం ఎంపిక అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చీమకుర్తి క్వారీ దగ్గర పాలిష్ పట్టిన బ్లాక్ గెలాక్సీ పలకను షెడ్డు నీడలో చూస్తే అది ఒట్టి నలుపు. ఇద్దరు పట్టుకుని ఎండలోకి తెచ్చి కొంచెం వంచగానే, బ్రాంజైట్ ఖనిజపు రేణువులు ఒక్కసారిగా బంగారు చుక్కలై మెరుస్తాయి. మళ్లీ వంచితే ఆరిపోతాయి. ఈ రాయి ప్రపంచమంతా వెళుతోంది. దాన్ని రంగుగా మార్చి ఒక స్పోర్ట్స్ కారు ఒంటి మీద పరిస్తే, అంతకన్నా మన జిల్లా సొంతమైన కారు ఏముంటుంది? పోర్షే వంటి సంస్థలు మీరు పంపిన నమూనాకు సరిపోయే రంగును కలిపి ఇస్తాయి. అలా పంపదలచినవారు పాలిష్ పట్టిన ముక్క ఒకటి, పట్టనిది ఒకటి పంపాలి. వారు తిరిగి పంపే నమూనా రేకు బల్లపరుపుగా ఉంటే ఒప్పుకోకుండా, వంపు తిరిగినది అడగాలి, ఎందుకంటే లోహపు రేణువులున్న రంగు వంపు దగ్గర ఒకలా, సమతలం మీద ఒకలా కనిపిస్తుంది. ఆ రేకును మన మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ, సాయంత్రం వీధిదీపం కిందా చూసి ఖాయం చేయాలి.

లోపలి అలంకరణకు వెంకటగిరి జాందానీ బుటాను తీసుకోవాలని ఒకరు అడిగారు. చక్కటి ఆలోచన, కాకపోతే జరీ అల్లిన బట్టను సీటు మీద వేస్తే ఎక్కి దిగే రాపిడికి పోగులు లేస్తాయి. తలుపు లోపలి పలక మీదనో, పైకప్పు లోపలి వస్త్రం మీదనో ఆ బుటాను ఎంబ్రాయిడరీగా కుట్టిస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఉదయగిరి చెక్కపని కూడా అంతే: చేతికి తగిలే గేరు పిడికి, స్టీరింగుకు కంపెనీ భద్రతా కారణాలతో ఒప్పుకోకపోవచ్చు గానీ, డాష్‌బోర్డులో చిన్న పలకగా పొదగమంటే పరిశీలిస్తారు.

డబ్బు లెక్క, చట్టం లెక్క

పూర్తిగా తయారై వచ్చే, 40,000 డాలర్లు దాటిన విలువగల కారు మీద ప్రాథమిక సుంకం, సెస్సు కలిపి 110 శాతం పడుతుంది. ఆ మొత్తం మీద పెద్ద కార్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన 40 శాతం జీఎస్టీ. అంటే రేవులో రూ.4 కోట్ల విలువ కట్టిన కారు సుంకంతో రూ.8.4 కోట్లు, జీఎస్టీతో రూ.11.76 కోట్లు అవుతుంది. జీవితకాలపు పన్ను, బీమా ఇందులో లేవు. ప్రత్యేకమైన రంగుకు, కుట్టుపనికి చెల్లించిన సొమ్ము కూడా కారు విలువలో భాగమే కాబట్టి, అక్కడ ప్రతి లక్షకు ఇక్కడ రూ.2.94 లక్షలు లెక్కవేసుకోవాలి. కోరికల చిట్టా రాసేటప్పుడు ప్రతి వరుస పక్కన ఈ రెండో అంకె కూడా రాసుకోవాలని నా సలహా. బ్రిటన్‌తో 2025 జూలైలో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో కోటాకు లోబడి కార్ల సుంకం తగ్గించే అంశం ఉంది. మెక్‌లారెన్, ఆస్టన్ మార్టిన్ వంటివి తీసుకోదలచినవారు ఆర్డరు పెట్టే రోజున ఏ రేటు నడుస్తోందో కస్టమ్స్ ఏజెంటును అడిగి తెలుసుకోవాలి.

ఇంత సుంకం ఎందుకు, మామూలు కారు దింపుకుని ఇక్కడే బాడీ మార్పించుకుందాం అనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన దారి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. రంగు మార్చుకోవచ్చు, అదీ ఆర్‌సీలో ఎక్కించుకుని. ఒంగోలులో నాకు బాగా తెలిసిన ఒకరు తన దిగుమతి కారును వేరే నగరంలోని ఒక వర్క్‌షాపుకిచ్చి, చక్రాల మీది రేకులు వెడల్పు చేయించి, వెనుక బంపరు మార్పించి, రంగు వేయించారు. సింగరాయకొండ దాటాక హైవే మీద ఒక టిప్పరు ఒరుసుకుని పక్కభాగం దెబ్బతింది. సర్వేయరు ఫోటోలను అసలు మోడల్‌తో పోల్చి చూసి, మార్పులు పాలసీలో లేవని క్లెయిము తిరస్కరించారు. తరువాత అమ్మబోతే, ఆర్‌సీలో ఒక రంగు, కారు మీద మరో రంగు ఉన్నందున బదిలీ ఆగిపోయింది. పాత రేకులన్నీ తెప్పించి, కారును మళ్లీ యథాస్థితికి తేవడానికి ఆయనకు పదకొండు నెలలు పట్టింది. ఆ కారు కవరు కింద ఉన్నన్నాళ్లూ చూసి నేను నిజంగా బాధపడ్డాను.

ఇంట్లో తాతల నాటి కారు ఉన్నవారికి మరో మాట. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వంటివి ఇప్పటికీ కొన్ని గోదాముల్లో ఉన్నాయి. 50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో వచ్చిన నియమాల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్, 'వీఏ' అక్షరాలున్న నంబరు దొరుకుతాయి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రోజువారీ తిరుగుడుకు కాక ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికే వాడాలి. ప్రపంచంలో మరొకటి లేని కారు అని చెప్పలేము గానీ, మీ కుటుంబానికి మాత్రం అది ఒక్కటే.

ఎవరికి ఏది

కారు ఇక్కడే ఉండాలి, తరచూ నడపాలి అనుకునేవారికి కుడిచేతి స్టీరింగ్ మోడల్ మీద కంపెనీ ప్రత్యేక అలంకరణే సరైనది. ఒక ఆకారం ఏళ్ల తరబడి మనసులో తిరుగుతూ, మూడు నాలుగేళ్లు ఆగే ఓపిక, ఆ కంపెనీతో పాత పరిచయం ఉన్నవారు రోడ్డు మోడల్ పునాదిగా ఒక్కగానొక్క కారుకు ప్రయత్నించవచ్చు. అయితే సంతకానికి ముందు, మార్చిన రూపంలోనే కారుకు రోడ్డు ప్రమాణాల పత్రం ఇస్తారా అని రాతపూర్వకంగా అడగాలి. ఆ పత్రం లేకుండా వచ్చిన కారు ఇక్కడ విగ్రహంలా నిలబడిపోతుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే ఇప్పుడు మన బంకుల్లో ఎక్కువగా దొరుకుతోంది కాబట్టి, ఇంజనూ గొట్టాలూ దానికి తట్టుకుంటాయా అన్నదీ అదే ఉత్తరంలో అడగాలి. కారు ముందుభాగం నేలకు ఎంత ఎత్తులో ఉందో, దాన్ని పైకి లేపే ఏర్పాటు ఉందో లేదో చూసి, మీ ఇంటి ర్యాంపు వాలును, వీధిలోని స్పీడ్ బ్రేకరు ఎత్తును టేపుతో కొలిచి అంకెలు పంపాలి.

బాడీ మారిన కారు అయితే విడిభాగాల సంగతి ఒప్పందంలోనే తేలాలి. ముందు అద్దం ఆధార మోడల్‌దేనా, కొత్తగా పోత పోసినదా? లైట్లు ఎవరివి? అచ్చులను, కంప్యూటరు నక్షాలను ఎన్నేళ్లు దాచి ఉంచుతారు? గ్రానైటు, కంకర టిప్పర్లు తిరిగే మన హైవే మీద ముందు అద్దానికి రాయి తగలడం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. కొత్తగా పోసిన అద్దమైతే కారుతోపాటే రెండోది, దానితో ఒక జత లైట్లు, ముందు బంపరు, ఆ రంగు డబ్బా, రంగు కలిపిన నిష్పత్తుల కాగితం తీసుకోవాలి. అద్దం పెట్టెను మాత్రం ఉప్పుగాలి, తేమ తగలని గదిలో, పడుకోబెట్టకుండా నిలువుగా ఉంచాలి.